మన అనంతపురంలో బిట్‌కాయిన్ మైనింగ్ పెడితే కరెంటు బిల్లు ఎవరికి?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న తీసుకుంటున్నా. ఈ మధ్య మన జిల్లా పిల్లోళ్లు చాలామంది అడుగుతున్న ప్రశ్న అది. "అన్నా, మనకి వాన లేదు గానీ ఎండ ఉంది, గాలి ఉంది. నంబులపూలకుంటలో సోలార్ పార్కు ఉంది, రామగిరి కొండల మీద గాలిమరలు ఉన్నాయి. ఆ కరెంటుతో బిట్‌కాయిన్ మైనింగ్ పెడితే మన కరువు తీరదా?"

ఇది నవ్వి కొట్టేసే ప్రశ్న కాదు. ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశం అగ్నిపర్వతం వేడితో తీసిన కరెంటుతో బిట్‌కాయిన్ మైనింగ్ చేసింది. మన పక్కనే ఉన్న భూటాన్ నదుల మీద తీసిన కరెంటుతో చేస్తోంది. వాళ్లు చేసినప్పుడు మనమెందుకు చేయకూడదు అని అడగడంలో తప్పేం లేదు.

కానీ అవునో కాదో చెప్పే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మైనింగ్‌లో ఖర్చంతా కరెంటే. కాబట్టి మైనింగ్ గురించి ఎవరేం చెప్పినా, "ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారు?" అని అడగండి. ఈ రోజు మొత్తం ఈ ఒక్క ప్రశ్న పట్టుకునే పోదాం.

ముందు మైనింగ్ అంటే ఏంటో రెండు నిమిషాల్లో చెప్తా. తెలిసినోళ్లు కొంచెం ఓపిక పట్టండి.

బిట్‌కాయిన్ అంటే ఒక పెద్ద లెక్కల పుస్తకం. ఎవరు ఎవరికి ఎంత పంపారో అందులో రాస్తారు. ఆ పుస్తకం ఏ బ్యాంకు దగ్గరా ఉండదు, ప్రపంచంలో వేల కంప్యూటర్లలో ఒకే కాపీ ఉంటుంది. దాదాపు పది నిమిషాలకొకసారి అందులో కొత్త పేజీ చేరుతుంది. ఆ పేజీ రాసే హక్కు ఎవరికి? దానికే పోటీ. కంప్యూటర్లన్నీ ఒక నంబర్ కోసం గుడ్డిగా వెతుకుతాయి. ఇందులో తెలివితో పని లేదు, లాటరీ టికెట్లు గీకినట్టు గీకుతూ పోవడమే. ముందు దొరికినోడు పేజీ రాస్తాడు, వాడికి కొత్త బిట్‌కాయిన్లు బహుమతి. 2024 ఏప్రిల్ నుంచి ఆ బహుమతి పేజీకి 3.125 బిట్‌కాయిన్లు. రోజుకి 144 పేజీలు అనుకుంటే, ప్రపంచం మొత్తానికి రోజుకి 450 కొత్త బిట్‌కాయిన్లు. దాదాపు నాలుగేళ్లకొకసారి ఈ బహుమతి సగానికి పడిపోతుంది.

ఇప్పుడు అసలు పాయింట్ వినండి. మెషీన్లు రెట్టింపు అయితే బిట్‌కాయిన్లు కూడా రెట్టింపు వస్తాయా? రావు. ప్రతి 2,016 పేజీలకి, అంటే దాదాపు రెండు వారాలకి, నెట్‌వర్క్ తనంతట తానే లెక్క చూసుకుంటుంది. పేజీలు తొందరగా వస్తున్నాయా? అయితే ఆ నంబర్ దొరకడం ఇంకా కష్టం చేస్తుంది. మళ్లీ పది నిమిషాలకి ఒక పేజీ. మెషీన్లు ఎన్ని పెరిగినా రోజుకి ఆ 450 మాత్రమే.

మన జిల్లావాళ్లకి దీన్ని నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఇది బోర్ల పోటీనే.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. దేశంలో జైసల్మేర్ తర్వాత తక్కువ వాన పడే జిల్లా అని చిన్నప్పటి నుంచి స్కూల్లో వింటానే ఉన్నాం. శెనక్కాయ పంట వాన మీద ఆధారం, మిగతా పంటలు బోరు మీద ఆధారం. ఒకాయన 200 అడుగుల బోరు వేస్తాడు, నీళ్లు పడతాయి. పక్క చేనాయన 400 వేస్తాడు. మొదటాయన బోరు ఎండిపోతుంది. ఆయన అప్పు చేసి 600 వేస్తాడు. అట్లా వెయ్యి అడుగులు దిగినోళ్లు మీ ఊర్లోనూ ఉంటారు. బోర్లు పెరిగినాయి, మోటార్ల హార్స్‌పవర్ పెరిగింది, కరెంటు పెరిగింది, అప్పు పెరిగింది. భూమి కింద నీళ్లు పెరగలేదు.

బిట్‌కాయిన్ మైనింగ్ కూడా అంతే. నేను పది మెషీన్లు పెడితే నీ వాటా తగ్గుతుంది. నువ్వు ఇరవై పెడితే నా వాటా తగ్గుతుంది. ఇద్దరి కరెంటు పెరిగింది, మొత్తం కాయిన్లు మాత్రం అన్నే. ఒక్క తేడా ఉంది. బోరు నీళ్లతో చీనీ తోట బతుకుతుంది. ఇక్కడ మెషీన్ నుంచి వచ్చేది వేడి గాలి.

అట్లని ఆ కరెంటంతా ఉత్త దండగ అని నేను అనను. ఆ ఖర్చే బిట్‌కాయిన్‌కి కాపలా. పాత లెక్క ఎవరైనా దొంగగా మార్చాలంటే, అంత కరెంటూ మళ్లీ ఖర్చు పెట్టాలి. అది దాదాపు అసాధ్యం. ఆ కాపలా కోసం ప్రపంచం ఎంత కరెంటు పెడుతోందంటే, కేంబ్రిడ్జి యూనివర్సిటీ వాళ్ల 2025 అంచనా ప్రకారం ఏడాదికి దాదాపు 138 టెరావాట్ అవర్లు. మన భాషలో 13,800 కోట్ల యూనిట్లు. ప్రపంచ కరెంటులో అర శాతం అటూ ఇటూ. మన ఆంధ్రప్రదేశ్ మొత్తం ఏడాదికి వాడే దానికంటే ఇది ఎక్కువ.

ఇంత కరెంటు లేకుండా ఆ కాపలా కాయలేమా? కాయొచ్చు అని ఇంకో క్రిప్టో చూపించింది. ఈథీరియం కూడా ముందు ఇట్లనే మైనింగ్ మీద నడిచేది. 2022 సెప్టెంబర్ 15న పద్ధతి మార్చేసింది. మెషీన్ల పోటీ బదులు, కాయిన్లు తాకట్టు పెట్టినోళ్లు పేజీలు రాస్తారు. తప్పు చేస్తే తాకట్టు పోతుంది. కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గిపోయింది. కాబట్టి "క్రిప్టో అంటే కరెంటు తినేదే" అని అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. తినేది ముఖ్యంగా బిట్‌కాయిన్.

సరే, ఇప్పుడు ఒక్క మెషీన్ తెచ్చి మన ఇంట్లో పెడదాం. మాటకే, నిజంగా కాదు.

బిట్‌మెయిన్ కంపెనీ ఆంట్‌మైనర్ ఎస్21 తీసుకోండి. అది లాగేది 3,500 వాట్లు, అంటే 3.5 కిలోవాట్లు. మన 5 హెచ్‌పీ బోరు మోటారు లాగేది దాదాపు 3.7 కిలోవాట్లు. అంటే ఒక్క మైనింగ్ మెషీన్, ఒక బోరు మోటారు సమానం. తేడా ఏంటంటే బోరు మోటారు రోజుకి తొమ్మిది గంటలు ఆడుతుంది, అదీ కరెంటు ఉంటే. మెషీన్ 24 గంటలు ఆడాలి. 3.5 ఇంటూ 24, రోజుకి 84 యూనిట్లు. నెలకి 2,520 యూనిట్లు. ఇల్లంతా కలిపి నెలకి 150 యూనిట్లు దాటితేనే మా అమ్మ ఫ్యాన్ ఆపేస్తుంది.

ఆదాయం చూద్దాం. ఎస్21 వేగం 200 టెరాహాష్. ప్రపంచ నెట్‌వర్క్ మొత్తం వెయ్యి ఎక్సాహాష్ అనుకుందాం, అంటే మన మెషీన్‌లాంటివి 50 లక్షలు. రోజుకి 450 కాయిన్లు, 50 లక్షల మందికి పంచితే మన వాటా 0.00009 బిట్‌కాయిన్. ఒక బిట్‌కాయిన్ 80 లక్షల రూపాయలు అనుకుంటే, మనకి రోజుకి 720 రూపాయలు. ధర రోజూ మారుతుంది, పోటీ కూడా రోజూ మారుతుంది. మీరు వీడియో చూసే రోజుకి ఉన్న అంకెలు పెట్టుకోండి. లెక్క చేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇప్పుడు ఖర్చు. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే, 84 యూనిట్లకి 672 రూపాయలు. మిగిలింది 48. హమ్మయ్య, లాభమే అనుకున్నారా? ఆగండి, పన్ను ఉంది. 2022 బడ్జెట్ నుంచి మన దేశంలో క్రిప్టో ఆదాయం మీద 30 శాతం పన్ను. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసెయ్యడానికి లేదు. మైనింగ్ మీద పెట్టిన పెట్టుబడి కూడా ఆ "కొన్న ధర" కిందికి రాదని అప్పట్లోనే లోక్‌సభలో ప్రభుత్వం చెప్పింది. మైనింగ్ కాయిన్ ఎవరి దగ్గరా కొన్నది కాదు కదా! అంటే 720 మొత్తం మీద 30 శాతం, 216 రూపాయలు. 48 లోంచి 216 పోతే రోజుకి 168 రూపాయలు నష్టం. సెస్సు, మెషీన్ ధర, ఏసీ, మే నెలలో మన ఎండ, ఇవేవీ నేను లెక్కలో వెయ్యలేదు.

కరెంటు సగం ధరకి, 4 రూపాయలకి దొరికింది అనుకుందాం. అప్పుడు రోజుకి 168 మిగులుతుంది. మెషీన్ రెండున్నర లక్షలు అనుకుంటే, పెట్టుబడి తిరిగి రావడానికి 1,488 రోజులు, నాలుగేళ్లకి పైనే. ఆలోగా 2028లో బహుమతి మళ్లీ సగానికి పడుతుంది.

ఇక కరెంటు ఫ్రీ అయితే? 720లో పన్ను పోను రోజుకి 504 రూపాయలు. అప్పుడు మంచి లాభం! చూశారా ఫ్రెండ్స్, మెషీన్ మారలేదు, ధర మారలేదు. మారింది బిల్లు ఒక్కటే. నష్టం లాభం అయిందంటే ఆ 672 రూపాయలు ఇంకెవరో కడుతున్నారన్న మాట.

ఆ ఇంకెవరో ఎవరు? దీనికి ప్రపంచం మూడు నాలుగు జవాబులు చూసింది.

ఇరాన్‌లో కరెంటు మీద సబ్సిడీ ఎక్కువ. 2019లో మైనింగ్‌ని పరిశ్రమగా గుర్తించి లైసెన్సు, వేరే టారిఫ్ పెట్టారు. కానీ ఎక్కువమంది లైసెన్సు జోలికి పోకుండా సబ్సిడీ కరెంటుతోనే నడిపారు. 2021 మేలో ఊర్లకి ఊర్లు కరెంటు పోయాయి. మైనింగ్‌లో 85 శాతం లైసెన్సు లేనిదే అని అప్పటి అధ్యక్షుడు రూహానీ చెప్పి, సెప్టెంబర్ 22 దాకా మైనింగ్ మొత్తం ఆపేశారు. అక్కడ బిల్లు కట్టింది చీకట్లో కూర్చున్న మామూలు జనం.

చైనా అదే ఏడాది మైనింగ్‌ని తరిమేసింది. అప్పటిదాకా ప్రపంచ మైనింగ్‌లో పెద్ద భాగం అక్కడే. తరిమితే ఏమైంది? మెషీన్లు లారీలెక్కి పక్క దేశం కజకిస్తాన్‌కి పోయాయి. ఆ దేశం కొన్ని నెలల్లోనే మైనింగ్‌లో ప్రపంచంలో రెండో స్థానానికి వచ్చింది. 2022 జనవరి చలికి కరెంటు చాలక గ్రిడ్ వాళ్లు మైనర్లకి సప్లై కట్ చేశారు. అదే నెల నుంచి మైనింగ్‌కి వాడే ప్రతి యూనిట్ మీద ఒక టెంగె అదనంగా వసూలు మొదలుపెట్టారు. ఒకరు నిషేధిస్తే భారం పక్కోళ్ల మీద పడింది.

మలేషియాలో కొందరు నేరుగా స్తంభం నుంచి దొంగ కరెంటు లాగారు. 2021లో మిరి అనే ఊర్లో పోలీసులు 1,069 మెషీన్లని రోడ్డు రోలరు కింద తొక్కించిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ బిల్లు కరెంటు కంపెనీది.

అమెరికాలో టెక్సస్‌ది ఇంకో రకం కథ. అక్కడ గ్రిడ్ మీద భారం పెరిగితే మైనర్లు మెషీన్లు ఆపేస్తారు, దానికి డబ్బులు తీసుకుంటారు. రయట్ అనే కంపెనీకి 2023 ఆగస్టు ఒక్క నెలలో ఇట్లా ఆపినందుకు వచ్చిన క్రెడిట్లు 3.17 కోట్ల డాలర్లు. ఆ నెలలో మైనింగ్ చేసి తీసిన బిట్‌కాయిన్ల విలువ కంటే అదే ఎక్కువ! ఎండాకాలంలో గ్రిడ్‌కి సాయం అని కంపెనీ అంటుంది. ఆ డబ్బు చివరికి మా బిల్లుల్లోంచే కదా అని అక్కడి జనం అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మన రాష్ట్రంలో 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా సంతకం పెట్టిన రోజు నుంచి రైతుకి ఉచిత కరెంటు. పార్టీలు మారినా ఆ పథకం మాత్రం ఎవరూ తీసెయ్యలేదు, మన జిల్లాలో దాని అవసరం ఎంతో అందరికీ తెలుసు. కానీ ఉచితం అంటే బిల్లు లేదని కాదు. రైతు తరఫున ప్రభుత్వం డిస్కంకి కడుతుంది. మన జిల్లాకి ఆ డిస్కం ఏపీఎస్పీడీసీఎల్. అంటే ఆ బిల్లు మనందరిదీ.

ఎవరైనా చేనులో షెడ్డు వేసి, బోరు కనెక్షన్‌కి ఐదు మెషీన్లు తగిలిస్తే? ఐదు మెషీన్లు, పదిహేడున్నర కిలోవాట్లు. నాలుగైదు మోటార్ల కోసం పెట్టిన 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకో ఐదు మోటార్ల బరువు. అది కాలిపోతే పూత మీదున్న తోటకి వారం పాటు నీళ్లుండవు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ట్రాక్టర్లో వేసుకుని టౌనుకి మోసినోళ్లకి తెలుసు ఆ బాధ. చట్టం కూడా స్పష్టంగా ఉంది. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం ఒక పనికి ఇచ్చిన కరెంటు ఇంకో పనికి వాడితే రెట్టింపు టారిఫ్ వసూలు చేస్తారు. దొంగతనం కిందికి వస్తే 135వ సెక్షన్, మూడేళ్ల దాకా జైలు. కాబట్టి "మా మామ చేనులో ఫ్రీ కరెంటు ఉంది" అనే ఐడియా ఎవరికైనా ఉంటే, ఇక్కడే వదిలేయండి.

ఇక్కడ ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. "ముందు ఇండియా బిట్‌కాయిన్‌ని లీగల్ చెయ్యాలి, అప్పుడు మైనింగ్ అదే వస్తుంది" అని కొందరు అంటారు. ఇవి రెండు వేరు వేరు సంగతులు.

ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబర్ 7 నుంచి బిట్‌కాయిన్‌ని అధికారిక కరెన్సీ చేసింది. చివో అనే యాప్ పెట్టి, దిగిన ప్రతి ఒక్కరికీ 30 డాలర్లు ఇచ్చింది. జనం ఆ 30 డాలర్లు వాడుకున్నారు, తర్వాత చాలామంది యాప్ ముట్టలేదు. చివరికి ఐఎంఎఫ్‌తో 140 కోట్ల డాలర్ల అప్పు ఒప్పందం కోసం 2025 జనవరిలో చట్టం మార్చి, దుకాణాలు తీసుకోవాలా వద్దా అనేది వాళ్ల ఇష్టానికి వదిలేశారు. 2022లో ఇదే పని చేసిన సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ మరుసటి ఏడాదే వెనక్కి తగ్గింది. ఆ అగ్నిపర్వతం మైనింగ్ సంగతి? 2024 మే నాటికి ఆ ప్లాంటు తీసే 102 మెగావాట్లలో మైనింగ్‌కి వాడింది 1.5 మెగావాట్లే. మూడేళ్లలో వచ్చింది దాదాపు 474 బిట్‌కాయిన్లు. ప్రపంచం మొత్తానికి అవి ఒక్క రోజు పంట.

మన దగ్గర? 2018లో బ్యాంకులు క్రిప్టో జోలికి పోవద్దని ఆర్‌బీఐ సర్క్యులర్ ఇచ్చింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2019లో ఒక ప్రభుత్వ కమిటీ మైనింగ్‌తో సహా అన్నీ నిషేధించాలని, పదేళ్ల దాకా జైలు పెట్టాలని బిల్లు ముసాయిదా రాసింది. అది చట్టం కాలేదు. 2022లో పన్ను వచ్చింది, 2023లో మనీలాండరింగ్ చట్టం కిందికి తెచ్చారు. ఆర్‌బీఐ తన సొంత డిజిటల్ రూపాయిని 2022లో పైలట్‌గా మొదలుపెట్టింది. దానికి మైనింగ్ అక్కర్లేదు. అంటే క్రిప్టో కొనడం నేరం కాదు, అది చెల్లుబాటయ్యే డబ్బూ కాదు. టవర్ క్లాక్ దగ్గర టీ తాగి ఫోన్ చూపిస్తే పోయేది యూపీఐ. దానికి ఎవరూ అగ్నిపర్వతం తవ్వలేదు. కాయిన్ అమ్మితే పన్ను ఎంతో మన చట్టంలో రాశారు. కాయిన్ తీసేటప్పుడు కరెంటు ఎట్లా వాడాలో మాత్రం మైనింగ్ కోసమంటూ ఎక్కడా రాయలేదు.

అయితే మైనింగ్ తరఫున బలమైన వాదన ఒకటుంది. దాన్ని కూడా నిజాయితీగా చూద్దాం.

నంబులపూలకుంట పార్కు ప్లాన్ చేసింది 1,500 మెగావాట్లకి. జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, నాకు పాత ఉమ్మడి జిల్లా అంతా అనంతపురమే. తాడిపత్రి దగ్గర తలారిచెరువులో ఇంకో 500 మెగావాట్ల పార్కు. సోలార్ కరెంటు మధ్యాహ్నం పొంగుతుంది, సాయంత్రం ఇంట్లో లైట్లు వేసే టైముకి పడిపోతుంది. మధ్యాహ్నం గ్రిడ్ తీసుకోలేకపోతే ప్లాంటుని తగ్గించమంటారు. ఆ కరెంటు అట్లనే పోతుంది. "పోయే కరెంటే కదా, దాంతో మైనింగ్ చేస్తే ఎవరికి నష్టం?" ఇదీ వాదన.

జవాబు రెండు ముక్కల్లో చెప్తా. ఒకటి, మన మెషీన్ లెక్క 24 గంటలది. రోజుకి ఐదారు గంటలు మాత్రమే ఆడితే ఆదాయం కూడా నాలుగో వంతే. మెషీన్ మాత్రం పాతదైపోతానే ఉంటుంది, ఎందుకంటే అవతల ఎవడో 24 గంటలూ ఆడిస్తున్నాడు. కాబట్టి "మిగులు కరెంటు మాత్రమే" అని వచ్చినోడు ఆర్నెల్లకి "రాత్రి కూడా ఇవ్వండి సార్" అంటాడు. భూటాన్‌నే చూడండి. వానాకాలం నదుల్లో నీళ్లుంటాయి, కరెంటు మిగులుతుంది. చలికాలం నదులు తగ్గితే అదే దేశం మన దగ్గర కరెంటు కొంటుంది.

రెండు, ఆ మధ్యాహ్నం మిగులు కోసం క్యూలో మనకంటే ముందు ఎవరున్నారు? హంద్రీనీవా ఉంది. శ్రీశైలం వెనక మల్యాల దగ్గర నుంచి కృష్ణా నీళ్లు లిఫ్టు మీద లిఫ్టు ఎక్కి మన జీడిపల్లికి వస్తాయి. నీళ్లు పైకెక్కాలంటే కరెంటే. పంపులకి రాత్రీ పగలూ తేడా లేదు, మధ్యాహ్నం ఎక్కువ తోడి రిజర్వాయర్లో పెట్టుకోవచ్చు. తర్వాత రైతులకి పగటిపూట తొమ్మిది గంటలు. ఆ తర్వాత బ్యాటరీలు, నంద్యాల జిల్లా పిన్నాపురం లాంటి పంప్‌డ్ స్టోరేజీలు. మధ్యాహ్నం నీళ్లు పైకి తోడి సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఈ క్యూ అంతా అయ్యాక కూడా మిగిలితే, అప్పుడు మైనింగ్ అడగొచ్చు.

అడిగితే నిషేధించాలా? నా మాట, వద్దు. నిషేధిస్తే చైనాలో మాదిరి పక్కకి పోతుంది, లేకపోతే ఇరాన్‌లో మాదిరి గోడౌన్లలో దాక్కుంటుంది. దాక్కున్న మెషీన్‌కి మీటరుండదు. నాలుగు షరతులు చాలు. ఒకటి, మైనింగ్‌కి వేరే మీటరు, వేరే కేటగిరీ, సబ్సిడీ లేని పూర్తి ధర. రెండు, స్విచ్ గ్రిడ్ వాళ్ల చేతిలో. సాయంత్రం డిమాండ్ పెరిగితే మొదట ఆగేది మైనింగ్ షెడ్డు, దానికి ఎదురు డబ్బులు ఇవ్వకూడదు. మూడు, చల్లబరచడానికి బోరు నీళ్లు ముట్టకూడదు. నాలుగు, నెలకి ఎన్ని యూనిట్లు వాడారో అందరికీ కనపడేలా పెట్టాలి. ఈ నాలుగూ ఒప్పుకుని వచ్చినోడికి లాభం మిగిలితే చేసుకోనీ. మిగలదు అంటే, వాడు అడుగుతున్నది మన ఎండని కాదు, మన సబ్సిడీని.

ఈ షరతులు ముందే రాసుకోవాలి అని నేనెందుకు అంటున్నానంటే, బోర్ల విషయంలో మనం ఆలస్యం చేశాం. బోరుకి అనుమతి, బోరుకీ బోరుకీ మధ్య దూరం, ఇవన్నీ పెట్టిన వాల్టా చట్టం 2002లో వచ్చింది. అప్పటికే బావులు ఎండిపోయి, అప్పులు నెత్తి మీదికి వచ్చాయి. ఇప్పుడు మైనింగే కాదు, డేటా సెంటర్లు కూడా వస్తున్నాయి. విశాఖలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. డేటా సెంటర్, మైనింగ్ ఒకటి కాదు, దాని ఉపయోగం వేరు. కానీ ఇదే ప్రశ్న అక్కడ కూడా అడగాలి: ఎన్ని మెగావాట్లు, ఏ ధరకి, ఎవరి నీళ్లు?

చివరిగా, ఇది మీ ఫోన్ గురించి. దయచేసి స్కిప్ కొట్టకండి.

షెడ్డు, మెషీను పెట్టేవాళ్లు మనలో ఎంతమంది? చాలా తక్కువ. కానీ "ఫోన్లో మైనింగ్ చేయండి, రోజూ సంపాదించండి" అనే యాప్ లింకు వాట్సాప్‌లో అందరికీ వస్తుంది. హెచ్‌పీజడ్ టోకెన్ అనే యాప్ కేసు ఈడీ దర్యాప్తు చేసింది. బిట్‌కాయిన్ మైనింగ్ మెషీన్లలో పెట్టుబడి అని చెప్పి, 57,000 రూపాయలు పెడితే మూడు నెలల పాటు రోజుకి 4,000 ఇస్తామన్నారు. ఇప్పుడు మన లెక్క గుర్తు చేసుకోండి. లక్షల రూపాయల అసలు మెషీన్ 24 గంటలు ఆడితే, బిల్లు కట్టకముందు 720 రూపాయలు. మరి 57,000కి రోజుకి 4,000 ఎక్కడి నుంచి వస్తుంది? నీ వెనక చేరినోడి జేబులోంచి. అంతకుముందు గెయిన్‌బిట్‌కాయిన్ వాళ్లు నెలకి 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామన్నారు. అది సీబీఐ దాకా పోయింది. ఇంక ఫోన్ సంగతి అంటారా? మీ ఫోన్ ఛార్జర్ వాట్లు చూడండి, ఆ మెషీన్ 3,500 వాట్లు చూడండి. ఫోన్లో బిట్‌కాయిన్ మైనింగ్ అంటే చెంచాతో బోరు తవ్వడమే.

శెనక్కాయ పంట పోయిన ఏడు, ఫీజు కట్టాల్సిన నెలలో, ఇట్లాంటి లింకు ఆశగా కనపడుతుంది. నాకు తెలుసు. అందుకే తిట్టడం లేదు, లెక్క చేసి చూడమంటున్నా. ఎవరైనా మైనింగ్ అంటే మూడే అడగండి. మెషీన్ ఎక్కడుంది? కరెంటు సర్వీస్ నంబర్ ఏంటి? యూనిట్ ఎంతకి కొంటున్నారు? ఈ మూడింటికీ జవాబు లేకపోతే అక్కడ మెషీనే లేదు. డబ్బు పోయింది అనుకుంటే సిగ్గుపడి ఇంట్లో దాచకండి, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. మొదటి కొన్ని గంటలే ముఖ్యం.

మరి మొదటి ప్రశ్నకి నా జవాబు: మైనింగ్‌తో మన కరువు తీరదు. మన ఎండ కరెంటుకి ముందు హంద్రీనీవా పంపు, రైతు మోటారు, సాయంత్రం మన ఇళ్లల్లో లైటు ఉన్నాయి. ఆ తర్వాత మిగిలితే పూర్తి ధర కట్టినోడికి అమ్ముదాం, వాడు మైనింగ్ చేసుకుంటాడో ఇంకేం చేసుకుంటాడో వాడిష్టం.

మీ ఊర్లో ఎవరైనా ఇట్లాంటి మైనింగ్ స్కీమ్ చెప్తుంటే ఈ వీడియో వాళ్లకి పంపండి. ముఖ్యంగా మీ అన్నకో, బావకో, ఇప్పటికే సగం ఒప్పుకున్నోళ్లకి. వచ్చే ఎపిసోడ్‌లో కరెంటు బిల్లులో "ట్రూఅప్" అని ఒక లైను వస్తుంది కదా, అదేంటో విప్పి చూద్దాం. పాత బిల్లు ఒకటి తీసి పక్కన పెట్టుకోండి. ఉంటా ఫ్రెండ్స్, జాగ్రత్త.